డ్రైయర్ తిరుగుతున్నా వేడి రాకపోతే ముందుగా ఏం చూడాలి?

డ్రమ్ము తిరుగుతోంది గానీ బట్టలు ఆరడం లేదన్నారు. అమెరికా ఇళ్లలోని ఎలక్ట్రిక్ డ్రైయర్‌లో హీటరుకు 240 వోల్టులు కావాలి, మోటారుకు సాధారణంగా 120 చాలు; అందుచేత జంట బ్రేకరులో (రెండు 120 వోల్టుల తీగలను కలిపి 240 ఇచ్చే స్విచ్చులో) ఒక వైపు సరఫరా పోయినా డ్రమ్ము తిరుగుతూనే ఉండవచ్చు, వేడి మాత్రం పుట్టదు. ముందుగా ఆ బ్రేకరును పూర్తిగా ఆపి మళ్లీ వేయండి.

ఫలితం లేకపోతే ప్లగ్గు తీసి, హీటరు వైర్లు విడదీసి, మల్టీమీటరుతో కొలవండి: సుమారు 10 ఓములు చూపితే బాగున్నట్టే, అసలు కదలకపోతే తీగచుట్ట తెగినట్టు, చాలాసార్లు ఆ తెగిన చోటు కంటికే కనిపిస్తుంది. థర్మల్ ఫ్యూజు (వేడి మితిమీరితే తెగిపోయే రక్షణ భాగం) పోయి ఉంటే కొత్తది వేసి ఊరుకోవద్దు. గాలి గొట్టంలో బూడిదరంగు నూలుపీచు దట్టంగా పేరుకుని వేడి లోపలే నిలిచిపోవడం వల్లనే తరచుగా అది పోతుంది, ఆ పీచుకు నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది కనుక, గొట్టాన్ని గోడ బయటి మూత వరకూ శుభ్రం చేశాకే యంత్రాన్ని నడపండి.