సార్ట్ ఆప్షన్లన్నీ బట్టీ పట్టాలా?

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ అయ్యాక బెంగళూరు వచ్చి, మారతహళ్లిలో పీజీలో ఉంటూ లినక్స్ కోర్సు చేస్తున్నాను. మొన్న ఒక ప్రొడక్షన్ సపోర్ట్ ఇంటర్వ్యూలో ఫైల్లోని లైన్లను వరసలో పేర్చే సార్ట్ కమాండ్ ఆప్షన్లు అడిగారు. మైనస్ ఎన్, మైనస్ ఆర్ చెప్పాను. "మైనస్ ఎమ్ ఎప్పుడు వాడతావు?" అంటే తెల్లమొహం వేశాను. ఇన్ని అక్షరాలు ఎలా గుర్తుపెట్టుకోవాలి? ఇది వదిలేసి ఏఐ కోర్సులో చేరమని నాన్నగారు అంటున్నారు.

జవాబు: ఇంటర్వ్యూ చేసినాయన మిమ్మల్ని అక్షరం అడగలేదండీ, రేపు మీరు చేయబోయే పని అడిగారు. మూడు సర్వర్లు, ఎప్పుడేం జరిగిందో అవి రాసుకునే మూడు లాగ్ ఫైళ్లు. కస్టమర్ పేమెంట్ ఒకచోట మొదలై ఇంకోచోట ఫెయిలైంది. మూడింటినీ టైము ప్రకారం ఒకే ఫైలుగా కలిపితే గానీ ఏం జరిగిందో తెలీదు. ఏ లాగ్‌కి ఆ లాగ్ ఎలాగూ టైము వరసలోనే ఉంటుంది కాబట్టి మళ్లీ మొదటినుంచి సార్ట్ చేయడం దండగ. మైనస్ ఎమ్ (చిన్న m) ఇస్తే ప్రతి ఫైల్లో పైనున్న లైన్లను పోల్చుకుంటూ, ముందు రావాల్సినదాన్ని తీసి కింద పేర్చుకుంటూ పోతుంది.

చిక్కేమిటంటే, ఫైళ్లు నిజంగా వరసలో ఉన్నాయో లేదో అది చూడదు. తప్పుగా ఉన్నా నోరు మెదపకుండా కలిపేస్తుంది. అందుకే ముందు మైనస్ సి తో చెక్ చేసుకోవాలి. తేదీ 2025-03-31 అని సంవత్సరంతో మొదలైతే ఇబ్బంది లేదు. 31-03-2025 అని ఉంటే మర్నాడు 01-04-2025 రాగానే వరస తప్పుతుంది. జావా ఎర్రర్లు మరీను: కింద పడే లైన్లకి టైమే ఉండదు, కలిపితే చిందరవందర. ఈ ముక్క ఇంటర్వ్యూలో మీ అంతట మీరే చెప్పి చూడండి.

మిగతావి చేతితో చేస్తేనే వస్తాయి. 9, 10, 25, 100 లైనుకొకటి చొప్పున ఫైల్లో రాసి ఉత్త సార్ట్ కొట్టండి. 10, 100, 25, 9 అని వస్తుంది, ఎందుకంటే అది అంకెల్నీ అక్షరాల్లాగే చూస్తుంది. అంకెల్ని అంకెలుగానే చూసే మైనస్ ఎన్ విలువ అప్పుడు తెలుస్తుంది. అలాగే మైనస్ కె 2 అంటే రెండో కాలమ్ ఒక్కటే అనుకుంటారు చాలామంది. కాదు, అక్కణ్నుంచి లైను చివరిదాకా. ఆ ఒక్క కాలమే కావాలంటే 2 కామా 2 అనాలి.

నేనూ ఒకప్పుడు సపోర్ట్‌లో పనిచేసినవాణ్నే. ఒక నైట్ షిఫ్టులో ఫైల్ని సార్ట్ చేసి, గ్రేటర్‌దాన్ గుర్తుతో అదే ఫైల్లోకి పంపాను. చూస్తే సున్నా బైట్లు! సార్ట్ మొదలయ్యే లోపే షెల్, అంటే మనం కొట్టే కమాండ్లను నడిపే ప్రోగ్రామ్, ఆ ఫైల్ని ఖాళీ చేసేస్తుందని ఆ రాత్రే తెలిసింది. ఫలితాన్ని అదే ఫైల్లో రాయాల్సిన అలాంటి పనికి మైనస్ ఓ ఉంది.

ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉంటే విండోస్‌లోనే లినక్స్ నడిపించే డబ్ల్యూఎస్ఎల్‌లో ఉబుంటు అనే లినక్స్ పెట్టుకోండి, పైసా ఖర్చు లేదు. గుర్తురాని ఆప్షన్‌కి, కమాండ్ వివరాలు చూపించే మ్యాన్ సార్ట్ ఉంది, "మ్యాన్ పేజీ చూస్తాను సార్" అని ఇంటర్వ్యూలో అనడం నామోషీ ఏమీ కాదు. ఇక నాన్నగారి మాట: ఒక్క ఇంటర్వ్యూ పోయిందని మళ్లీ ఇంకో ఫీజు కట్టించకండి. ఏఐ వైపు వెళ్లినా లినక్స్ తప్పదు. మూడు నెలలు గడువు అడిగి, ఈలోగా డేటాబేస్‌ల భాష ఎస్‌క్యూఎల్ కూడా కాస్త పట్టండి.