బిట్‌కాయిన్ కోసం డిష్ కొనే ముందు

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

మేడ మీద డిష్ పెట్టి, ఇంటర్నెట్ అక్కర్లేకుండా బిట్‌కాయిన్ నోడ్ (లావాదేవీలన్నీ దాచుకుని తనే సరిచూసే కంప్యూటర్) నడుపుతానని రాశావు. బాగానే ఉంది గానీ, ఆ "అక్కర్లేకుండా" అన్న దగ్గరే నాకు పేచీ. ఏళ్ల తరబడి టీవీ డిష్‌లు బిగించి, తర్వాత ఈ పిచ్చిలోనే పడ్డవాణ్ని కాబట్టి నాలుగు ముక్కలు చెబుతాను.

బ్లాక్‌స్ట్రీమ్ అనే సంస్థ 2017 ఆగస్టులో బిట్‌కాయిన్ లెక్కలను ఉపగ్రహాల ద్వారా ప్రసారం చేయడం మొదలుపెట్టింది. సొంత ఉపగ్రహాలేమీ ఎగరేయలేదు. టీవీ చానళ్లలాగే ఉన్నవాటిలో జాగా అద్దెకు తీసుకుంది. కొత్త బ్లాకులు, అంటే లావాదేవీల కట్టలు, కింది నుంచి పైకి వెళ్తాయి, దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి మళ్లీ కిందికి వస్తాయి, నీ డిష్ పట్టుకుంటుంది. అక్కడితో దాని పని సరి. నీకు డబ్బు వచ్చిందో లేదో చూసుకోవచ్చు గానీ, పంపాలంటే వేరే దారి వెతుక్కోవాలి. టీవీ చూస్తూ వార్తలు చదివే అమ్మాయికి జవాబు చెప్పడం లాంటిదే.

ఆ దారి మరీ పెద్దదేం కానక్కర్లేదు. నీ రహస్య తాళంతో సంతకం చేసిన చిన్న లావాదేవీ 200 పైచిలుకు బైట్లు. మూడు నాలుగు ఎస్‌ఎంఎస్‌లుగా తెలిసినవాడికి పంపితే అతను నెట్‌వర్క్‌లో వదులుతాడు. సంతకం అయిపోయింది కాబట్టి మధ్యలో అంకె మార్చలేడు. పంపకుండా కూర్చోగలడు, అది వేరే సంగతి. అన్నట్టు, డిష్‌తో వినేవాడెవరో ప్రసారం చేసేవాళ్లకు తెలీదు. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఆ గుట్టే. ఎస్‌ఎంఎస్ కొట్టావంటే ఆ గుట్టు కాస్తా పోయినట్టే. లైట్నింగ్ చానళ్లు (ఇద్దరు తమ మధ్య చెల్లింపుల లెక్క బ్లాకుల బయటే నడుపుకునే ఏర్పాటు) తెరిచే ఆలోచన ఉంటే మాత్రం డిష్ ఒక్కటే నమ్ముకోకు. అవతలివాడు పాత లెక్క చూపించి మోసం చేస్తున్నాడని డిష్‌లో కనిపించినా, గడువులోగా అడ్డుకోవడానికి నీ లావాదేవీ బయటికి వెళ్లాలి కదా!

డేటా ఖర్చు మిగులుతుందన్నావు. కొంత నిజమే. బ్లాకు సగటున 10 నిమిషాలకొకటి, అంటే రోజుకు 144. ఒక్కోటి ఒకటిన్నర, రెండు ఎంబీలు అనుకున్నా రోజుకు 300 ఎంబీ లోపే. కానీ మొదటినుంచీ ఉన్న చరిత్ర మొత్తం 600 జీబీ దాటిపోయింది. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున ఒక్క నిమిషం ఆగకుండా వచ్చినా రెండు నెలలు కూర్చోవాలి. అందుకని పాత బ్లాకులు ఎవరి దగ్గరైనా హార్డ్‌డిస్క్‌లో తెచ్చుకో. నీ నోడ్ వాటిని తనే సరిచూసుకుంటుంది, ఇచ్చినవాడి మీద నమ్మకంతో పనిలేదు. ఆ తర్వాత రోజువారీ బ్లాకులకు డిష్ పెట్టుకో.

ఇక భయపడాల్సిన సంగతి. దొంగ సిగ్నల్‌తో దొంగ బ్లాకు పంపడం అంత తేలిక కాదు, బ్లాకు తయారు చేయాలంటే కంప్యూటర్లతో భారీ లెక్కలు వేయించి బోలెడు కరెంటు తగలెయ్యాలి. కానీ నిజం బ్లాకు నీకు చేరకుండా చేయడం సులువు. ప్రసారం చేసేది ఒక్క సంస్థ. వాళ్లు ఆపినా, పక్కన ఎవరైనా అదే ఫ్రీక్వెన్సీలో గోల పెట్టినా నీ నోడ్ పాత బ్లాకు దగ్గరే ఆగిపోతుంది. గంటసేపు బ్లాకు రాలేదని టెన్షన్ పడకు. రెండు మూడు రోజులకోసారి అది మామూలే. రెండు గంటలు దాటిందంటే మాత్రం చాలా అరుదు. అప్పుడు ఎవరి దగ్గరా చెల్లింపు తీసుకోకు. వేరే ఊళ్లో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేసి, చివరి బ్లాకు హ్యాష్‌లో (ఆ బ్లాకుకు వేలిముద్ర లాంటి అక్షరాల వరుసలో) ఆఖరి ఎనిమిది అక్షరాలు చదవమను. నీ దగ్గరున్నవాటితో కలవకపోతే లోపం ఎక్కడో వెతకాలి.

బిగించడం గురించి రాయకుండా ఉండలేను. డిష్ ముందు ఉండి సిగ్నల్ అందుకునే డబ్బా, అదే ఎల్‌ఎన్‌బీ, చవకది కొనకు. ఎండ ముదిరేకొద్దీ దాని ఫ్రీక్వెన్సీ జారిపోతుంది. నేను అలాంటిదొకటి కొని, పొద్దున లాక్ అయ్యి (సిగ్నల్ పట్టుకుని) మధ్యాహ్నం పోతుంటే కేబుల్‌ను వారం రోజులు తిట్టుకున్నాను. ఫ్రీక్వెన్సీ జారకుండా పట్టి ఉంచే పీఎల్‌ఎల్ రకం తీసుకో. డిష్‌ను వెంట్రుకవాసి జరుపు, కొన్ని సెకన్లు ఆగు, రిసీవర్‌లో అంకె చూడు, మళ్లీ జరుపు. తొందరపడితే సిగ్నల్ మీద నుంచి దాటిపోయినట్టు కూడా తెలీదు. అంకె బాగా పెరిగాక బోల్టులన్నీ ఒకేసారి బిగించేయకు, ఆ బిగింపుకే డిష్ కాస్త పక్కకి పోతుంది. ఒకటి కొంచెం, ఎదురుది కొంచెం, అలా తిప్పు. లాక్ అయింది కదా అని మురిసిపోకు, పక్క ఉపగ్రహం కూడా లాక్ అవుతుంది. బ్లాకులు దిగుతున్నాయో లేదో చూశాకే నిచ్చెన దిగు. వాన గట్టిగా పడితే కేయూ బ్యాండ్ (చిన్న డిష్‌కు అందే ఎక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నల్) తడబడుతుంది. సీ బ్యాండ్ (తక్కువ ఫ్రీక్వెన్సీది) వానకు ఓర్చుకుంటుంది, దానికి పెద్ద డిష్ కావాలి. ఏడాదిలో రెండుసార్లు, మార్చి, సెప్టెంబరు దరిదాపుల్లో సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. ఆ కొద్ది రోజులూ రోజుకు కొన్ని నిమిషాలు సిగ్నల్ పోతుంది. అప్పుడు స్పానర్ పట్టుకుని పైకెక్కకు.

ఇంత చెప్పి వద్దంటాననుకున్నావేమో. వద్దనను. 2022 జనవరిలో టోంగా దగ్గర సముద్రంలో అగ్నిపర్వతం పేలి, అడుగున ఉన్న ఇంటర్నెట్ కేబుల్ తెగితే ఆ దేశానికి వారాల తరబడి సరిగ్గా నెట్ లేదు. అలాంటప్పుడు ఈ డిష్ విలువ తెలుస్తుంది. ఇంటర్నెట్ ఉంచుకో, పక్కన దీన్నీ పెట్టుకో. రెండూ ఒకే బ్లాకు చూపిస్తుంటే హాయిగా నిద్రపో.

కొనే ముందు నువ్వున్న చోటికి ఇప్పుడు ఏ ఉపగ్రహం నుంచి ప్రసారం వస్తోందో, అసలు వస్తోందో లేదో చూసుకో. ఏ దిక్కో తెలిశాక మేడ మీద నిలబడి అటువైపు ఒక ఫొటో తీసి పంపు. చెట్టు ఉంటే, ఆకులు రాలిన కాలంలో తీసింది కాకుండా గుబురుగా ఉన్నప్పటిది పంపు.

మీ మావయ్య