అమ్మలూ, ముందు బోర్లించి చూడు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడలు పాత చైనా సామాను కొని అమ్ముతుందట, అన్నీ నీ బుద్ధులే వచ్చాయి" అంది. మెచ్చుకుందో తిట్టిందో ఇప్పటికీ తేలలేదు. నాకు మాత్రం ముందు భలే గర్వమనిపించింది, ఆ తర్వాత తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. ఈపాటికే రెండు నీలం జాడీలు, ఒక చెక్కడపు పెట్టె కొనేశావట కదా. కొనే ముందు ఒక్క ఫోటో, ఒకే ఒక్కటి, మామయ్యకి పంపుదామని తోచలేదా? సరేలే, ఇది కోపం కాదు, టెన్షన్.

చిన్న సంగతులు ముందే చెప్పేస్తాను. జాడీని చెవి పట్టుకుని ఎత్తకు, మూత తీసి పక్కన పెట్టి రెండు చేతులతో పట్టుకో, ఉంగరాలు తీసెయ్, కింద దుప్పటి పరుచుకో. పాత రంగుల గిన్నెల్లో సరదాకి కూడా ఏమీ తినకు, పైన వేసిన ఆ రంగుల్లో సీసం ఉంటుంది. అప్పు చేసి కొనకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియనిదొకటి ఉంది. నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

నువ్వప్పుడు ఒకటో తరగతి. మీ అమ్మ పూలకుండీ కింద నీళ్ళు కారకుండా ఒక పళ్ళెం పెట్టేది, గుర్తుందా? తెల్లటి పళ్ళెం, మీద నీలం బొమ్మలు, మధ్యలో ఇద్దరు ఆడవాళ్ళు సన్నగా, పొడుగ్గా, గాలికి ఊగే రెల్లుగడ్డిలా నిలబడి ఉంటారు. మీరు అద్దె ఇల్లు మారినప్పుడు ముందున్నవాళ్ళు వదిలేసిన సామాన్లో దొరికిందది. నేను అప్పుడప్పుడే ఈ పిచ్చిలో పడ్డాను. ఏవో నాలుగు పుస్తకాలు చదివి, పింగాణీ అడుగున రాసే ఆరు చైనా అక్షరాలు కుడి నుంచి ఎడమకి, పై నుంచి కిందకి చదవడం నేర్చుకుని, ఇక నన్ను మించినవాడు లేడనుకునే రోజులు. మీ అమ్మ కుండీ పక్కకి జరిపి, పళ్ళెం తుడిచి, "ఏదో పెద్ద చదువు చదువుతున్నావుగా, ఇదేంటో చూడరా" అని చేతిలో పెట్టింది.

తిప్పి చూశాను. రెండు గీతల చుట్టు, లోపల ఆరక్షరాలు. మహా మింగ్ వంశం, చెంగ్హువా కాలంలో చేసినది, అని. చెంగ్హువా అంటే 1465 నుంచి 1487 వరకూ ఏలిన చక్రవర్తి. గుండె ఎలా కొట్టుకుందో చెప్పలేను. పుస్తకం తెచ్చి పక్కన పెట్టుకుని పోల్చాను. ఆ కాలపు నీలం మెత్తగా ఉంది, దీనిది మెరిసిపోతోంది. మనుషుల బొమ్మల తీరు వేరు. అంటే ఇది చెంగ్హువాది కాదు. అంతవరకూ నేను సరిగ్గానే చూశాను, చూడు. తప్పంతా ఆ తర్వాతి మాటలో ఉంది. "నకిలీ అక్కా, మార్కు అబద్ధం" అన్నాను, పదేళ్ళ అనుభవం ఉన్నవాడిలా.

అలా అని దాన్ని మిగతా పాత పళ్ళేలతో కలిపి అమ్మకానికి పెట్టాను. ఒక ముసలాయన వచ్చాడు. ప్రతి వస్తువుకీ అరగంట బేరం ఆడే మనిషి. ఆ పళ్ళెం తీసుకుని బోర్లించి, మార్కు వంక చూడనైనా చూడకుండా, అడుగున గుండ్రంగా గ్లేజు, అదే గాజులాంటి మెరుపు పూత, లేకుండా ఉండే అంచు ఉంటుందే, దాని చుట్టూ బొటనవేలితో ఒక్కసారి నిదానంగా తడిమాడు. అంతే. నేను చెప్పినంతా ఇచ్చేశాడు. మిగతావన్నీ సంచిలో వేసుకున్నాడు, దాన్ని మాత్రం చంకలో పెట్టుకుని వెళ్ళాడు. నాకు అప్పుడైనా తట్టాలి కదా! తట్టలేదు. పైగా నకిలీ సరుకుని మంచి రేటుకి అంటగట్టానని లోలోపల మురిసిపోయాను. ఆ డబ్బు మీ అమ్మకిచ్చాను, నీకు స్కూలు బూట్లు కొంది.

రెండేళ్ళ తర్వాత ఒక మ్యూజియంలో, అద్దాల బీరువాలో, అలాంటి పళ్ళెమే. అదే రెల్లుగడ్డి ఆడవాళ్ళు. కింద ఒక చిన్న అద్దం పెట్టారు, అడుగు కనపడేలా. ఆ అద్దంలో అవే ఆరక్షరాలు, చెంగ్హువా అని. పక్కన చీటీ మీద మాత్రం కాంగ్షీ కాలం అని ఉంది. కాంగ్షీ కూడా చక్రవర్తే, ఆయన కాలం 1662 నుంచి 1722. అక్కడే కాళ్ళు పట్టు తప్పినట్టయి బెంచీ మీద కూర్చున్నాను.

సంగతేమిటంటే, 1677లో జింగ్‌డెజెన్ అధికారి ఒకాయన పింగాణీ మీద చక్రవర్తి పేరు రాయకూడదని నిషేధం పెట్టాడు, పగిలిన ముక్కలతో పాటు ఆ పేరు కూడా చెత్తలో పడుతుందని. ఆ ఊరు అప్పటికే వందల ఏళ్ళుగా చైనా పింగాణీకి పుట్టిల్లు. అప్పుడు పనివాళ్ళు ఏం చేశారు? కొందరు చుట్టు గీసి లోపల ఖాళీగా వదిలేశారు, కొందరు ఒక ఆకో పువ్వో వేశారు, కొందరు తమకి గౌరవమున్న పాత చక్రవర్తి పేరు రాశారు. తాత పేరు మనవడికి పెట్టుకోవడం లాంటిది, మోసం కాదు. ఆ తర్వాత 19వ శతాబ్దం చివర్లో చేసిన వాటి మీద మళ్ళీ కాంగ్షీ పేరు రాశారు. నిన్న కాక మొన్న చేసిన వాటి మీద ఎవరి పేరైనా ఉంటుంది, ఇది మాత్రం మోసమే. కాబట్టి మార్కు అనేది నువ్వు చివర చూడాల్సింది. ఇంగ్లీషు అక్షరాల్లో చైనా అని ముద్ర ఉంటే మాత్రం పనికొస్తుంది. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1891 నుంచి అమలు చేసింది కాబట్టి అది సాధారణంగా ఆ తర్వాతి ఎగుమతి సరుకు.

మన పళ్ళెం నిజంగా కాంగ్షీదేనా అంటే ప్రమాణం చేయలేను. చేతిలో ఉన్నప్పుడు చూడాల్సినవి చూడలేదు, అదే నా బాధ.

ఏం చూడాలో విను. బోర్లించు. గ్లేజు లేని ఆ అంచు ముట్టుకో. పాతది చాలాసార్లు నున్నగా, అరిగినట్టు తగులుతుంది, గ్లేజు ఆగిన చోట సన్నటి నారింజ రంగు గీత కనిపించొచ్చు, కొలిమి ఇసుక రేణువులు అతుక్కుని ఉండొచ్చు. గోధుమ రంగు మట్టి సమానంగా పులిమినట్టుంటే అనుమానించు, టీ నీళ్ళతో ముసలితనం తెప్పించేవాళ్ళు బోలెడుమంది. గీతలు కూడా అంతే. నిజంగా వాడిన పళ్ళెం మీద గీతలు ఎటు పడితే అటు, ఒకటి లోతుగా ఒకటి పైపైన ఉంటాయి, గరుకు కాగితంతో రుద్దితే అన్నీ ఒకే దిక్కున వెళ్తాయి. భూతద్దంలో బొమ్మ చుక్కలు చుక్కలుగా కనపడితే అది అచ్చు, చేత్తో వేసింది కాదు. వేలితో మెల్లగా తట్టు, బీట ఉంటే గంట మోగాల్సింది డబ్బామూతలా పలుకుతుంది. అంచు రిపేరు చేశారేమోనని అనుమానమొస్తే పన్నుకి ఆనించి చూడు, పింగాణీ గట్టిగా టక్కుమంటుంది, రంగు మెత్తగా తగులుతుంది. నవ్వకు, ఈ పని చేసేవాళ్ళందరూ ఎవరూ చూడనప్పుడు చేస్తారు. ఒక అల్ట్రావయొలెట్ టార్చి కూడా కొనుక్కో, చీకట్లో వేస్తే కొత్తగా పూసిన చోట తరచుగా వేరుగా వెలుగుతుంది.

ఇక చెక్క పెట్టె. దీనికి నా భయం వేరు, పురుగు. దాన్ని ఇంట్లోకి తెచ్చావా? తెచ్చి ఉంటే ఇవాళే మిగతా ఫర్నిచర్‌కి దూరంగా నల్ల కాగితం మీద పెట్టు, వారం తర్వాత చూడు, కాగితం మీద సన్నటి పొడి రాలితే లోపల ఇంకా తింటున్నాయన్నమాట. ఇది నేను పదిసార్లు చెప్తాను, నువ్వు విసుక్కున్నా సరే. ఆ పురుగు రంధ్రాలే నీకు నిజం కూడా చెప్తాయి. సన్నటి తీగ దూర్చి చూడు. పురుగు వంకర టింకరగా తొలుస్తుంది, డ్రిల్లు నేరుగా పోతుంది. రంధ్రం కాక, చెక్క ఉపరితలం మీద పొడుగ్గా కాలవలా తెరుచుకుని కనపడితే, పురుగు తిన్న పాత దూలాన్ని తర్వాత కోసి కొత్తగా చెక్కారని అర్థం. చెక్క పాతదే, పని మొన్నటిది. చెక్కడంలో ఒకే పువ్వు నాలుగు మూలలా ఉంటే నాలుగూ పక్కపక్కన పోల్చు. మనిషి చెయ్యి నాలుగుసార్లు ఒకేలా తిరగదు. అచ్చుగుద్దినట్టుంటే మెషీనుదో, చెక్కపొడి కలిపి పోసిందో. వెనకవైపు రంపం గుర్తులు చూడు, అందరూ ముందు భాగానికే అబద్ధం నేర్పుతారు.

మూత తీయగానే ఘాటుగా కర్పూరం వాసన కొడితే కంగారుపడకు, అలాంటి పెట్టెలు హాంకాంగ్ నుంచి 20వ శతాబ్దంలో కుప్పలుగా ఎగుమతయ్యాయి. మంచివే, కానీ రాజులవి కావు. జిటాన్ అని ఎవరైనా గొప్పగా చెప్తే, అది మన ఎర్రచందనమేనని గుర్తుపెట్టుకో. నీళ్ళలో మునిగేంత బరువు. పెట్టె తేలిగ్గా ఎత్తగలిగితే అమ్మేవాడి మాట కూడా తేలిగ్గా తీసుకో. ఇలాంటి చెక్కలకి, ఏనుగు దంతం పొదిగిన వాటికి దేశాల మధ్య అమ్మకంలో సైటిస్ నిబంధనలు, అంటే అరుదైన జంతువుల, మొక్కల వ్యాపారం మీద దేశాలు చేసుకున్న ఒప్పందం, ఉంటాయి, పరదేశం పంపే ముందు కనుక్కో. ఇక మెరవాలని గరుకు కాగితం, వార్నిష్ పట్టుకున్నావో, నేను బయల్దేరి వస్తాను.

వెల సంగతి. అడిగే రేటు చూడకు, వేలంలో నిజంగా ఎంతకి పోయిందో చూడు, అదీ అదే సైజు, అదే స్థితిలో ఉన్నదానికి. జుట్టంత బీట ఉన్నా రేటు బాగా పడిపోతుంది. మూత వేరేదైతే ఇంకా. మూడు డాలర్లకి కొన్న గిన్నె 2013లో న్యూయార్క్ వేలంలో 22 లక్షల డాలర్లకి పోయిందన్న వార్త నీకూ ఎవరో పంపే ఉంటారు. నిజమే, వెయ్యేళ్ళ నాటి డింగ్ గిన్నె అది, డింగ్ అంటే చైనాలో పాతకాలపు తెల్ల పింగాణీ రకం. ఆ కాలపు డింగ్ గిన్నెల మీద ఈ చక్రవర్తి మార్కులేమీ ఉండవు. నాలాంటివాడి చేతిలో పడి ఉంటే ఏమయ్యేదో ఆలోచించు.

తెలియనిది కనపడితే నకిలీ అనకు, అసలు అనీ అనకు, పక్కన పెట్టు. ఒక నెల ఆగు. నాకు ఆ నెల ఆగే ఓపిక లేకపోయింది.

జాడీల ఫోటోలు పంపు. బొమ్మలున్న వైపు నాకొద్దు. అడుగులు, పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా. పెట్టె వెనక, మూత లోపల. మీ అమ్మకి ఈ ఉత్తరం చూపించకు. వచ్చే నెల వస్తున్నాను, పళ్ళెం సంగతి నేనే చెప్తాను. ఆ కుండీ కింద ఇప్పుడు ప్లాస్టిక్ మూత పెట్టుకుంది, వచ్చిన ప్రతిసారీ నాకే కనపడుతుంది.

మామయ్య