బొమ్మ తిప్పి గీసినప్పుడు

అమ్మాయికి ఆశీస్సులు.

నీ బడి రోజుల వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆగకుండా చదివించింది. రెండోసారి మాత్రం కొన్ని మాటల దగ్గర ఆగిపోయాను. 'మధుర స్మృతులు', 'ఆ బంగారు రోజులు మళ్లీ రావు', 'గురువులు దిద్దిన జీవితం'. అమ్మా, వీటిలో నీ సొంత మాట ఏది? ఎవరి బడికి తగిలించినా అతుక్కుపోతాయివి. పాఠాన్ని ఒప్పజెప్పినట్టే జ్ఞాపకాన్నీ ఒప్పజెప్పొచ్చు. చాలా ఏళ్లు నేనూ అదే చేశాను, అందుకే చెబుతున్నాను.

బడిలో నాకు మంచి పేరుండేది. మాష్టారు ప్రశ్న పూర్తి చేయకముందే చెయ్యెత్తేవాణ్ని. ఏ పేరా ఏ పేజీలో, కుడి పక్కనా ఎడమ పక్కనా ఉందో కళ్లు మూసుకుని చెప్పగలిగేవాణ్ని. చదువంటే అదేననుకున్నాను. సందేహం అడిగితే తెలియదని బయటపడుతుందని భయం. ఆ భయంతోనే ఏళ్ల తరబడి ఒక్క ప్రశ్నా అడగకుండా గడిపేశాను.

పదో తరగతిలో ఒకరోజు లెక్కల మాష్టారు పైథాగరస్ సిద్ధాంతం నిరూపించమని నన్ను బోర్డు దగ్గరికి పిలిచారు. అది నాకు అక్షరం పొల్లుపోకుండా వచ్చు. అయితే ఆ రోజు త్రిభుజం ఆయనే గీశారు. పుస్తకంలో కింద మూలన ఉండే లంబకోణం ఆయన బొమ్మలో పైకెక్కింది. ఏ, బీ, సీ ఉండాల్సిన చోట పీ, క్యూ, ఆర్ ఉన్నాయి. సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కర్ణం ఏదో కూడా తేల్చుకోలేకపోయాను. కర్ణమంటే 'ఏసీ' అని బట్టీ పట్టానే గానీ, లంబకోణానికి ఎదురుగా ఉండే భుజమని నా బుర్రకు ఎక్కనే లేదు.

ముప్ఫై ఏళ్ల వయసులో దీన్ని కథగా రాశాను. కథలో మాష్టారు కఠినాత్ముడు. క్లాసంతా గొల్లున నవ్వుతుంది. కుర్రాడు తలదించుకుని ఏడుస్తాడు. చదివినవాళ్లు మెచ్చుకున్నారు. కొన్నాళ్లకు, ఆ రోజుల్లో నా బెంచీలోనే కూర్చున్న మిత్రుడు అది చదివి, "నవ్విందెవర్రా? మాకెవరికీ వస్తేగా నవ్వడానికి! మాష్టారు నీ పక్కకొచ్చి, బొమ్మను నీకు అలవాటైన వైపుకి తిప్పి మళ్లీ గీశారు కదా" అన్నాడు. ఆ మాట విన్నాక చాలాసేపు ఏమీ తోచలేదు. నా సిగ్గుకి కారణం ఇంకెవరో అయితే బాగుండునని ఆ నవ్వును నేనే పుట్టించాను. పాపం, ఆ పెద్దమనిషిని అన్నేళ్లు దోషిని చేసి నిలబెట్టాను.

ఆ మిత్రుడి జ్ఞాపకమే సరైనదని నమ్మకమేమిటని నువ్వు అడగాలి. నన్ను నేనూ అదే ప్రశ్నించుకున్నాను. ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే మనస్తత్వవేత్త కేంబ్రిడ్జ్‌లో చేసిన ప్రయోగాలను 1932లో ప్రచురించాడు. ఉత్తర అమెరికా ఆదివాసుల జానపద కథ ఒకటి చదివించి, కొంతకాలం పోయాక గుర్తున్నంత మేరకు మళ్లీ చెప్పమన్నాడు. చెప్పిన కొద్దీ కథ కుదించుకుపోయింది. వింతగా అనిపించిన చోట్లు రాలిపోయాయి. ఆదివాసుల తెడ్డు పడవ కాస్తా మామూలు పడవైపోయింది. అబద్ధమాడాలని ఎవరూ అనుకోలేదు. తమకు తెలిసిన లోకంలో ఇమిడేలా ఎవరికి వాళ్లు సర్దేసుకున్నారు. నీ వ్యాసంలో ప్రతి మాష్టారూ ప్రేమమూర్తే, ప్రతి పాఠమూ మధురమే. నువ్వూ తెలియకుండా అలా సర్దావేమోనని నా అనుమానం. అందుకే, రాసేముందు అదే క్లాసులో కూర్చున్న ఇంకొకరిని అడుగు. ఇద్దరి మాటా కలవకపోతే కలవలేదనే రాయి.

బోర్డు సంగతి ఇంకా కొంత ఉంది. నా కథలోకి ఎక్కకుండా పోయింది అదే. ఆ సాయంత్రం ఇంటికెళ్లి కాగితంతో ఒకే కొలతవి రెండు లంబకోణ త్రిభుజాలు కత్తిరించాను. ఒకదాంట్లో లంబకోణం నుంచి కర్ణం మీదికి లంబం గీసి, ఆ గీత వెంట కోశాను. రెండు ముక్కలొచ్చాయి. వాటిని బోర్లించి, కోయకుండా ఉంచిన పెద్ద త్రిభుజం మూలల్లో ఒక్కొక్కటిగా పెట్టి చూస్తే కోణాలు అచ్చంగా సరిపోయాయి. మూడూ ఒకే రూపం, పరిమాణంలోనే తేడా. నిరూపణంతా అందులోనే ఉందని అప్పుడు కనబడింది. ఇంక ఏ అక్షరాలు పెట్టినా, బొమ్మను ఎటు తిప్పినా నాకు భయం లేకపోయింది. నా చదువు నిజానికి ఆ నేల మీద, ఆ కాగితం ముక్కల మధ్య మొదలైంది. అంత సంతోషాన్ని వదిలేసి ఏడుపును కథగా రాసుకున్నానే అని ఇప్పటికీ బాధ.

హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ పరిశోధకుడు అర్థం లేని అక్షరాల కూర్పులను తానే బట్టీ పట్టి, ఎంత నిలిచిందో తన మీదే కొలిచి 1885లో ప్రచురించాడు. గంట తిరిగేసరికి సగానికి పైగా జారిపోయింది. నేను బట్టీ పట్టిన పేజీలన్నీ అలాగే పోయాయి. ఆ మూడు త్రిభుజాలు మాత్రం ఇప్పుడు కళ్లు మూసుకున్నా కనిపిస్తాయి.

నీ మార్కులు, బహుమతులు, వీడ్కోలు సభ తీసేసినా వ్యాసానికి నష్టం లేదు. నాలుగో పేజీలో మాత్రం ఒక వాక్యం ఉంది: 'సైన్సు క్లాసులో నాకేమీ అర్థమయ్యేది కాదు, కిటికీలోంచి చూస్తూ కూర్చునేదాన్ని.' దాన్ని అక్కడే వదిలేసి వక్తృత్వ పోటీల్లోకి వెళ్లిపోయావు. వెనక్కి రా అమ్మా. ఆ రోజు బోర్డు మీద ఏముంది? ఏ మాట దగ్గర నీకు దారి తప్పింది? అడగాలని నోటిదాకా వచ్చి ఆగిపోయిన ప్రశ్న ఏమిటి? ఆ పాఠం తర్వాతెప్పుడైనా అర్థమైందా, లేక ఇప్పటికీ కాలేదా? కాకపోతే పుస్తకం తెచ్చుకుని ఇప్పుడు చదువు, చదువుతూ రాయి. అది రెండు పేజీలైనా సరే, నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ రాత కోసం ఎదురుచూసే పెద్దవాడు