'సమీప ప్రత్యర్థి' ఎంత సమీపం?

సందేహం: ఎన్నికల వార్తల్లో లక్ష ఓట్ల తేడాతో ఓడిపోయిన అభ్యర్థిని కూడా 'సమీప ప్రత్యర్థి' అనే రాస్తున్నారు. అంత వెనకబడినవాడు సమీపం ఎలా అవుతాడు? 'టైట్ ఫైట్', 'క్లోజ్ ఫైట్' అనేవాటికి తెలుగు మాటలు లేవా? (ఒక పాఠకుడు, తెనాలి)

సమాధానం: మీ సందేహం న్యాయమైనదే. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానాన్ని కొణతాల రామకృష్ణ 9 ఓట్ల తేడాతో గెలుచుకున్నారు. 1991 నంద్యాల ఉప ఎన్నికలో పి.వి. నరసింహారావుకు 5.8 లక్షల ఓట్ల ఆధిక్యం వచ్చింది. రెండో స్థానంలో ఉన్న బంగారు లక్ష్మణ్‌కు డిపాజిట్ కూడా దక్కలేదు. మన పత్రికల పరిభాషలో అనకాపల్లిలో తొమ్మిది ఓట్లతో ఓడినవారూ, నంద్యాలలో లక్షల ఓట్లతో ఓడినవారూ 'సమీప ప్రత్యర్థులే'. ఇంగ్లీషు 'నియరెస్ట్ రైవల్'ను తెలుగు చేసినవారు 'నియర్'ను పట్టుకొని 'ఎస్ట్'ను వదిలేయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఆ 'ఎస్ట్' ఓడిన మిగతావారందరికంటె విజేతకు దగ్గరగా ఉన్నవాడెవడో చెబుతుందే గాని, ఆ దగ్గర ఎంత దగ్గరో చెప్పదు.

ఈ 'నియర్' కథ ఒకటి ఉంది, చెప్పకుండా ఉండలేను. పాత ఇంగ్లీషులో 'దగ్గర' అనే అర్థమిచ్చే అసలు మాట, ఇప్పుడు పద్యాల్లోనూ ప్రళయం గురించిన హెచ్చరికల్లోనూ తప్ప అంతగా వినిపించని 'నై' (nigh). దానికి 'మరింత దగ్గర' అనే రూపం 'నియర్', 'అన్నిటికంటె దగ్గర' అనే రూపం 'నెక్స్ట్'. కాలక్రమంలో, కొంత స్కాండినేవియన్ల భాష ప్రభావంతో, 'నియర్'లోని 'మరింత' అరిగిపోయి వట్టి 'దగ్గర' మిగిలింది. అప్పుడు తరతమ భావం కోసం దానికే మళ్ళీ ప్రత్యయాలు తగిలించి 'నియరర్', 'నియరెస్ట్' కల్పించుకున్నారు. అంటే 'నియరర్' అనేవాడు తెలియకుండానే 'మరింత మరింత దగ్గర' అంటున్నాడన్నమాట. ఈ మార్పు పూర్తికాని రోజుల జాడ షేక్‌స్పియర్ 'మాక్బెత్' రెండో అంకంలో ఉంది. తండ్రి డంకన్ హత్య తరువాత డొనాల్బెయిన్, రక్తసంబంధం ఎంత దగ్గరిదైతే నెత్తుటి భయం అంత ఎక్కువ అనే అర్థంలో ఒక మాట అంటాడు. ఆ వాక్యంలో మొదట వచ్చే 'నియర్' పాత పద్ధతిలో 'మరింత దగ్గర' అనే అర్థంలో ఉంటే, వెంటనే కొత్త రూపమైన 'నియరర్' కూడా వస్తుంది. రెండు కాలాల వ్యాకరణాన్ని ఒక్క వాక్యంలో ఇమిడ్చి, ఆ శ్లేషతోనే చంపినవాడు చుట్టమేనని సూచించడం ఆ మహాకవికే చెల్లింది. 'నెక్స్ట్' మాత్రం తన పాత అర్థాన్ని దరఖాస్తు ఫారాల్లోని 'నెక్స్ట్ ఆఫ్ కిన్'లో ఇంకా నిలుపుకొంది. అక్కడ అది 'తరువాతి బంధువు' కాదు, అందరికంటె దగ్గరి బంధువు. 'నైబర్'లో ఉన్నదీ ఈ 'నై'యే.

సంస్కృతంలోనూ దగ్గరితనానికి ఇలాంటి వింత ఉంది. 'దగ్గర' అనే అర్థమున్న 'అంతిక' శబ్దానికి తరతమ ప్రత్యయాలు చేరితే, పాణిని విధించినట్టు, అది 'నేద'గా మారి నేదీయస్సు (మరింత దగ్గర), నేదిష్ఠం (అన్నిటికంటె దగ్గర) అవుతుంది. తెలుగుకు అటువంటి ప్రత్యయాలు లేవు. 'కంటె'తోనే పని జరుపుకోవాలి. ఆ 'కంటె'ను ఎగరగొట్టి, 'నీళ్ళు కలిసినచోటు' అని వ్యుత్పత్తి చెప్పే 'సమీప'ను ఒంటరిగా నిలబెట్టినందువల్లనే మీకు ఆ మాట ఎబ్బెట్టుగా తోచింది. నేదిష్ఠ ప్రత్యర్థి అని రాయమని ఏ విలేకరికీ చెప్పను గాని, 'రెండో స్థానంలో నిలిచిన అభ్యర్థి' అంటే కొంపలేమీ మునగవు. అయితే 'సమీప ప్రత్యర్థి' ఇప్పటికే రూఢి అయిపోయింది. వాడుకలో స్థిరపడిన రూఢికి యోగార్థంతో, అంటే వ్యుత్పత్తి చెప్పే అర్థంతో, పనిలేదన్న వాదమూ ఉన్నది కాబట్టి, దాన్ని తప్పుల పట్టికలో చేర్చడానికి నా చెయ్యి రావడం లేదు.

ఇక రెండో ప్రశ్న. 'క్లోజ్' లాటిన్‌లో మూయడం అనే అర్థమున్న ధాతువు నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. మూసినచోట ఎడం ఉండదు గనుక దగ్గరితనం అనే అర్థం ఏర్పడింది. మూయడానికి 'క్లోజ్' అనీ, దగ్గరకు 'క్లోస్' అనీ ఇంగ్లీషువారు ఉచ్చారణలో తేడా పాటిస్తారు. మనవాళ్ళు మాత్రం దుకాణాన్నీ స్నేహాన్నీ ఒకే రకంగా 'క్లోజ్' చేస్తున్నారు. 'టైట్' మొదట దట్టమైనది, నీరు చొరనిది. 'వాటర్‌టైట్'లో ఆ అర్థం ఇంకా ఉంది. రెండు సముద్రాలను కలిపే సన్నని నీటిదారికి ఇంగ్లీషు పేరైన 'స్ట్రెయిట్' (strait) అంటే ఇరుకుది, వారు ఇరుకును చూసినచోట మనం కలయికను చూసి జలసంధి అన్నాం.

తెలుగు మాటలకు కరవేమీ లేదు. చొక్కా బిగుతుగా ఉంటుంది, భద్రత కట్టుదిట్టంగా ఉంటుంది, డబ్బుకు కటకటగా ఉంటుంది, గది ఇరుకుగా ఉంటుంది. వీటన్నిటినీ 'టైట్' చేసి చేతులు దులుపుకోవడం బద్ధకం తప్ప మరేమీ కాదు. ఎన్నికల మాటకొస్తే, ప్రచారం సాగుతున్నంతకాలం 'హోరాహోరీ' అనవచ్చు, 'నువ్వా నేనా అన్నట్టు' అనవచ్చు. లెక్కింపు ముగిశాక 'బొటాబొటి ఆధిక్యం' అనవచ్చు. 'గట్టి పోటీ' మాత్రం నాకు అంతగా నచ్చదు, ఎందుకంటే గట్టిగా పోటీ ఇచ్చినవాడు కూడా చిత్తుగా ఓడిపోవచ్చు. అనకాపల్లి వంటి ఫలితానికైతే 'వెంట్రుకవాసి తేడా' అన్నదే తగినది.