ఐదు మందుల పేర్లు రాశారు, ముగ్గురి పేర్లు రాయలేదు

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాను. ధర పడిపోయాక మా షావుకారు జీతం సగం చేశారు. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అబ్బాయికి ఈ సంగతి చెప్పలేదు. పోయిన నెల కొత్తపేటలో మా అమ్మకు నెల మందులు కొనబోతే బిల్లు 1,940 అయింది. జేబులో 1,500 ఉన్నాయి. ఏ మందు తీసేయమనాలో తేలక నిలబడిపోయాను. బిల్లు కొట్టే అమ్మాయి 200, మందులు తీసిచ్చే కుర్రాళ్లిద్దరూ చెరో 120 వేసి, కవరు నా చేతిలో పెట్టారు. ‘తర్వాత చూద్దాం బాబాయ్ గారూ’ అన్నారు. నోరు తెరవకుండా వచ్చేశాను. అప్పటి నుంచి ఆ వీధిలోకే వెళ్లడం లేదు. నా భార్య అబ్బాయికి చెప్పేసింది. ‘నేను లేననుకున్నావా, ఊళ్లో వాళ్ల దగ్గర చేయి చాపావు’ అన్నాడు. ఆ రాత్రే పదివేలు పంపాడు. పదిహేను రోజులుగా మాట్లాడడం లేదు. ఆ 440 ఎవరి చేతనైనా పంపించేస్తే సరిపోతుందా? వాడికి ఎలా నచ్చజెప్పాలి?

జవాబు: ఎవరి చేతా పంపకండి. మీరే వెళ్లండి. అయితే సాయంత్రం వద్దు. కొత్తపేటలో డాక్టర్లు కూర్చునే వేళకు మందుల షాపుల ముందు నిలబడడానికి చోటుండదు. ఆ హడావిడిలో మీరు డబ్బు తీస్తే వాళ్లు లెక్కపెట్టి డబ్బాలో వేసుకుంటారు, మీరు మళ్లీ ఒక్క మాటా అనకుండానే వచ్చేస్తారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్లండి. ఆ డబ్బు వాళ్ల జేబుల్లోది, షాపుది కాదు. కనుక యజమాని చేతికి ఇవ్వకండి. ఆయన మంచివారే కావచ్చు, కానీ ‘ఇలా ఎంతమందికి ఇస్తున్నారు’ అని ఆ పిల్లలను అడిగే అవకాశం మనం ఎందుకు కల్పించాలి?

మీ ఉత్తరంలో ఐదు మందుల పేర్లూ, ఒక్కోదాని ధరా రాశారు. అచ్చులో తీసేశాం. ఆ ముగ్గురి పేర్లు మాత్రం ఎక్కడా లేవు. అడగలేదేమో. ఈసారి అడగండి. డబ్బు వద్దంటే ఒకసారి మళ్లీ ఇవ్వబోండి, అప్పటికీ వద్దంటే ఊరుకోండి. బల్ల మీద విసిరినట్టు పెట్టి రావడం మాత్రం వద్దు. మందుల షాపులో రోజంతా నిలబడి పనిచేసే వాళ్లకు 120 రూపాయలు చిన్న మొత్తం కాదు. ఇచ్చేటప్పుడు వాళ్లు ఆ లెక్క చూసుకోలేదు, అంతే.

మాట రాకపోవడం గురించి మిమ్మల్ని మీరు చాలా తిట్టుకున్నారు. ఒకసారి విజయవాడ బస్సులో నా దగ్గర టిక్కెట్టుకు చిల్లర చాలకపోతే పక్క సీటావిడ ఇచ్చారు. మంగళగిరి దాటేదాకా నేను కిటికీలోంచే చూస్తూ కూర్చున్నాను. ఊరంతా సలహాలిచ్చే నా సంగతే ఇది. మీరు అక్కడ మూగబోయినందుకు వాళ్లు ఏమీ అనుకుని ఉండరు. మళ్లీ మందులకు రాకపోతే, పెద్దావిడకు ఏమైందో అనుకుంటారు.

ఇక అబ్బాయి. అతను అన్న మాట తప్పు. మీరు చేయి చాపలేదు, వాళ్లే ఇచ్చారు. కానీ అతని కోపం తప్పని చెప్పలేను. మీ జీతం సగమైందని కన్నకొడుకుకు ఒక మందుల బిల్లు ద్వారా తెలిసింది. అదీ మీ నోట కాదు, వాళ్లమ్మ నోట. మిర్చి ధర పడిపోతే ఆ దెబ్బ ముఠా కూలీల దాకా, గుమాస్తాల దాకా వస్తుందని గుంటూరులో ఎవరికి తెలియదు? 2025 ఫిబ్రవరిలో కేంద్రమే ధర పడిపోయినప్పుడు రైతును ఆదుకునే మార్కెట్ జోక్య పథకం కింద మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చింది. రైతు గోడు పత్రికల్లో వచ్చింది. ఆ రైతు టిక్కీలకు, అంటే మిర్చి బస్తాలకు, లెక్క రాసే మనిషి గోడు రాలేదు. మీ అబ్బాయి ఆ వార్తలు చదివే ఉంటాడు. అవి మా నాన్న జీతం దాకా వచ్చాయని అతను ఎలా ఊహిస్తాడు?

కాబట్టి నచ్చజెప్పడానికి ఫోను చేయకండి. లెక్క చెప్పడానికి చేయండి. గుమాస్తాగిరిలో ఇన్నేళ్లు ఇతరుల లెక్కలు రాశారు కదా. ‘నాన్నా, ఇంతకు ముందు ఇంత వచ్చేది, ఇప్పుడు ఇంత వస్తోంది, నానమ్మ మందులకు ఇంత అవుతోంది, వేసవిలో యార్డుకు సెలవులిస్తే ఇంకా కష్టం’ అని వరసగా చెప్పండి. పంపిన పదివేలు తిప్పి పంపే ఆలోచన ఉంటే మానుకోండి. అలా చేస్తే ఆ పిల్లల డబ్బు తీసుకుని కొడుకు డబ్బు కాదన్నట్టవుతుంది, ఇక అతను ఆరు నెలలు మాట్లాడడు.

అతను ఫోను ఎత్తకపోతే మీ భార్య ఫోనులోంచి చేయండి. ఆవిడ చెప్పి మంచిపనే చేశారు. ఆవిడ మీద అలిగి ఉంటే ముందు అది వదిలేయండి.

మీరు అడగని సంగతి ఒకటి. ఏ మందు తీసేయమనాలా అని ఆలోచించానన్నారు. ఆ మాట నన్ను భయపెట్టింది. వాటిలో బీపీ, షుగరు మాత్రలు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. పెద్దాసుపత్రిలో ఒక పూట పోతుందని వెనకాడకండి. మిగతావి జన ఔషధి కేంద్రంలో చాలా తక్కువకు దొరకవచ్చు. చీటీ డాక్టరుకు చూపించి మార్పించుకోండి, మీ అంతట మీరు ఏదీ ఆపకండి. అమ్మగారికి పింఛను వస్తోందో లేదో రాయలేదు. 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 ఇస్తున్నారు. రాకపోతే వార్డు సచివాలయంలో అడగండి, అర్హత ఉందో లేదో వాళ్లే చూసి చెబుతారు.

ఉత్తరంలో తేదీ చూశాను. ఆ నెల మాత్రలు ఇంకో వారంలో అయిపోతాయి. చీటీ మార్పించుకున్నాక కూడా కొత్తపేటలో కొనవలసినవి ఒకటో రెండో ఉంటాయి. అవి ఆ షాపులోనే కొనండి, ఆ మధ్యాహ్నమే.