మేనల్లుడికి అత్తయ్య రాసిన పగడాల తొట్టె లేఖ

షుగర్‌ల్యాండ్, టెక్సస్

చిరంజీవి కార్తీక్‌కు అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. నీ ఉప్పునీటి తొట్టెలోని ఆక్రొపోరా అనే పగడం కొమ్మల చివర్లు గోరంత మేర తెల్లబడ్డాయి. అక్కడ కండ పోయి ఉత్త ఎముక తేలింది. కొమ్మ మొదట్లో పచ్చదనం నిలిచే ఉంది కనుక ప్రాణానికి భయం లేదు. లైటు చాలక ఇలా అయిందేమో, ఈ నెలలోనే పెద్దవి కొంటానని రాశావు. ఫొటోలతో పాటు నీ అంకెల పుస్తకం కూడా పంపబట్టి సరిపోయింది, లేకపోతే నేనూ లైటునే అనుమానించేదాన్ని. జనవరి 13న ఆల్కలినిటీ, అంటే పగడం ఎముక కట్టుకోవడానికి వాడుకునే కార్బొనేట్ల కొలత, 7.4 డిగ్రీలు, పీహెచ్ 7.75 అని ఉంది. 16వ తేదీకి ఆల్కలినిటీ 11.2కు చేరింది. తెల్లబడిన కొమ్మలకు కారణం ఆ మూడు రోజుల్లోనే ఉంది.

పండక్కి ఇంట్లో పద్దెనిమిది మంది ఉన్నారనీ, చలికి తలుపులూ కిటికీలూ బిగించి అరిసెల దగ్గర నుంచి పులిహోర దాకా పొద్దస్తమానం వంట సాగిందనీ కోడలు ఫోనులో చెప్పింది. అంతమంది ఊపిరీ గ్యాసు మంటా కలిసి ఇంట్లో కార్బన్ డయాక్సైడ్ పెంచితే, నురుగుతో మురికి తీసే నీ స్కిమ్మరు ఆ గాలినే పీల్చి రాత్రింబవళ్లు నీటిలోకి చిలికింది. అది నీటిలో కరిగి ఆమ్లమై పీహెచ్‌ను కిందికి లాగుతుంది గానీ ఆల్కలినిటీని తగ్గించదు. అంటే ఆ రోజు తొట్టెకు ఏ జబ్బూ లేదు, ఇంటి గాలి బరువెక్కింది, అంతే. ఒక కిటికీ గంటసేపు తీసి ఉంటే సరిపోయేది. నువ్వు డబ్బా మీది సూచన చూసి రెండు పూటలా ఆల్కలినిటీని పెంచే బఫర్ పొడి వేశావు. గాలి మారలేదు కనుక పీహెచ్ కాస్త ఎక్కి మళ్లీ దిగింది, ఆల్కలినిటీ మాత్రం దాదాపు నాలుగు డిగ్రీలు ఎక్కి అక్కడే కూర్చుంది. దానికి తోడు పగడాలకు తిండయ్యే నైట్రేటూ, ఫాస్ఫేటూ నీ నీటిలో రెండూ సున్నా. తిండి పెట్టకుండా బరువు మోయించినట్లయింది ఆ పగడాల పని.

ఇప్పుడు చేయవలసింది ఏమీ చేయకపోవడమే. బఫర్ డబ్బా గరాజులో పెట్టేయి. పగడాలు తమ ఎముక కోసం వాడుకునే కొద్దీ ఆల్కలినిటీ దానంతట అదే దిగివస్తుంది. తొందరపడి సగం నీరు మార్చావంటే రెండో దెబ్బ తీసినట్లే. వారానికి పదోవంతు నీరు మార్చే నీ అలవాటునే కొనసాగించు, కానీ వాడే ఉప్పు ఏదో ఒకసారి చూసుకో. కొన్ని రకాల ఉప్పులు కలిపిన నీటిలో ఆల్కలినిటీ 11, 12 దాకా ఉంటుంది, కొన్నింటిలో 8 దగ్గర ఉంటుంది. నువ్వు నిలబెట్టదలచిన అంకె 8 అయినప్పుడు 12 ఉన్న ఉప్పు కొనడం దేనికి?

అంకె 8.5కు దిగాక ఏడు రోజుల పాటు ఒకే వేళకు, అంటే లైట్లు వెలగబోయే ముందు, ఆల్కలినిటీ కొలిచి రాయి. ఆ ఏడు రోజులూ ఏమీ కలపవద్దు, నీరు కూడా మార్చవద్దు, 7కు దిగితే మాత్రం అక్కడితో ఆపు. నీ పగడాలు రోజుకు ఎంత తింటున్నాయో అప్పుడు తెలుస్తుంది. అందరూ కాల్షియం అంకె చూసి కంగారు పడతారు, నేను ఆల్కలినిటీ చూడమంటాను, దానికి కారణం ఉంది. పగడం ఎముక కట్టుకున్నప్పుడు ఆల్కలినిటీ ఒక డిగ్రీ తగ్గితే కాల్షియం 7 పీపీఎం, అంటే పది లక్షల్లో 7 పాళ్లు మాత్రమే తగ్గుతుంది. 420లో 7 తగ్గితే నీ పరీక్ష కిట్టుకు కనిపించను కూడా కనిపించదు. ఎనిమిదిలో ఒకటి తగ్గితే ఎవరికైనా కనిపిస్తుంది. కాల్షియం 400, 450 మధ్య, మెగ్నీషియం 1250, 1350 మధ్య ఉన్నాయేమో నెలకొకసారి చూసుకుంటే చాలు.

తొట్టె, దానికి తగిలించిన వడపోత తొట్టి (సంపు) కలిపి, రాళ్లు ఆక్రమించినది పోను నీ నీరు సుమారు 300 లీటర్లు. అంత నీటికి ఆల్కలినిటీ ఒక డిగ్రీ పెంచడానికి 9 గ్రాముల వంటసోడా చాలు. ఆ బఫర్ డబ్బా ఖరీదు తలచుకుంటే నీకు నవ్వు వస్తుంది. అత్యవసరమైనా రోజుకు అర డిగ్రీ కంటే పెంచవద్దు.

అయితే నీకు నేను చెప్పదలచినది సోడా కాదు, సున్నం. మన చినగంజాంలో మా చిన్నప్పుడు సముద్రపు గుల్లలు కాల్చి గుల్లసున్నం చేసేవారు. మా నాయనమ్మ ఆకుకు రాసుకునేదీ అదే, గోడకు కొట్టించేదీ అదే. ఆ సున్నాన్ని నీటిలో కలిపి కదపకుండా ఉంచితే పైన తేరుకునే తేటలో కాల్షియమూ ఆల్కలినిటీ రెండూ పగడానికి కావలసిన పాళ్లలోనే ఉంటాయి, ఎందుకంటే గుల్ల కట్టుకున్నదీ వాటితోనే. పైగా సున్నపు తేట నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని పీహెచ్‌ను పెంచుతుంది. చలికాలమంతా తలుపులు మూసి ఉండే నీ ఇంటికి ఇంతకంటే తగిన మందు లేదు. తాంబూలం డబ్బాలోని సున్నం మాత్రం వాడవద్దు, అందులో ఇంకేం కలుపుతారో తెలియదు. అక్వేరియం కోసం అమ్మే శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్ కొను.

నీ తొట్టెలో రోజుకు నాలుగు లీటర్లు ఆవిరవుతోందన్నావు. ఆ భర్తీ నీటిలో లీటరుకు అర గ్రాము చొప్పున కలిపితే రోజుకు 2 గ్రాముల సున్నం చేరుతుంది. అది సుమారు అర డిగ్రీ ఆల్కలినిటీకి సమానం. మొదటి వారం అందులో సగంతో మొదలుపెట్టి, నీ ఏడు రోజుల లెక్కను బట్టి పెంచు. లీటరుకు ఒకటిన్నర గ్రాములు దాటాక కలిపినా పెద్దగా కరగదు, అడుగున పేరుకుంటుంది. రాత్రి పూట చుక్కలు చుక్కలుగా, ప్రవాహం జోరుగా ఉన్నచోట పడేలా పెట్టు. అయిదేళ్ల క్రితం నా తొట్టెకు నీరు భర్తీ చేసే పరికరం స్విచ్ ఇరుక్కుపోయి, ఇరవై లీటర్ల సున్నపు నీరు ఒక్క రాత్రిలో దిగింది. పొద్దున చూస్తే తొట్టె పాలకుండలా ఉంది. ఆ తర్వాత నా సున్నపు డబ్బాలో రెండు రోజులకు సరిపడే నీటి కంటే ఎక్కువ ఎప్పుడూ పోయలేదు. పిల్లవాడికి అందని చోట పెట్టు, కళ్లలో పడితే కాలుతుంది.

ఇక ఆ సున్నా నైట్రేటు సంగతి. నీరు ఎంత శుభ్రంగా ఉంటే అంత మంచిదనుకుని ఫాస్ఫేటును పీల్చే ఐరన్ గుళికలు నిండుగా వేశావు. ఏమీ లేని నీటిలోనే జిగురులా సాగే గోధుమరంగు డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవులు పుడతాయి. గుళికలు సగానికి తగ్గించు, చేపలకు ఇంకొంచెం మేత వెయ్యి, నైట్రేటు 5, 10 పీపీఎం మధ్య, ఫాస్ఫేటు 0.05 దగ్గర తిరిగేలా చూడు.

ఉప్పు విషయంలో ఒక్క మాట. ఎండకు నీరు పోయి ఉప్పు మిగలడం మన ఊరి కొఠారుల్లో చూసినవాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు, నీ తొట్టె కూడా ఒక ఉప్పుమడే. ఆవిరైన చోట మంచినీరే పోయాలి, ఉప్పునీరు పోయకూడదు. వెయ్యికి 35 పాళ్ల దగ్గర నిలబెట్టు. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరును మంచినీటితో సున్నాకు సరిచేసి ఊరుకోక, 35 పాళ్ల ప్రామాణిక ద్రావణంతో నెలకొకసారి సరిచూడు. నేను మొదట్లో ప్లాస్టిక్ ముల్లు ఉన్న హైడ్రోమీటరు నమ్ముకున్నాను. ముల్లుకు అంటుకున్న గాలిబుడగలు దాన్ని పైకి లేపి ఉప్పు ఎక్కువ చూపిస్తుంటే, నేను నెలల తరబడి మంచినీరు పోస్తూ వచ్చాను. నత్తలు ఒక్కొక్కటే అద్దం మీంచి జారి పడిపోతే గానీ నాకు అనుమానం రాలేదు.

మీ ఫ్రిస్కోకు నీరిచ్చే నార్త్ టెక్సస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ నీటి శుద్ధికి ఏడాదంతా క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసినది) వాడుతుంది, మార్చి నెలలో కొన్ని వారాలు మాత్రం ఉత్త క్లోరిన్‌కు మారుతుంది. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపినంత మాత్రాన ఈ రెండూ పోయినట్లు కాదు, అది వాటిని కొలవదు. ఆర్వో కార్బన్ ఫిల్టరు దాటిన నీటిని క్లోరిన్ పరీక్షతో చూసుకో, ఫిబ్రవరి చివర్లోనే కార్బన్ మార్చుకో.

కరెంటు గురించి కూడా ఇప్పుడే చెప్పాలి. 2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున మాకు కరెంటు పోయి, ముప్పై గంటల దాకా రాలేదు. నేను తొట్టె చల్లబడుతుందన్న భయంతో రజాయిలు కప్పి, సీసాల్లో వేడినీళ్లు నింపి తేలవేస్తూ కూర్చున్నాను. గ్యాసు పొయ్యి ఉండబట్టి నీళ్లు కాగాయి. కానీ నీటిని కదిలించే ఏర్పాటు మాత్రం చేయలేదు. చలి మెల్లగా దిగుతుంది, ప్రాణవాయువు మాత్రం కొన్ని గంటల్లోనే అడుగంటుతుంది. నా చేపలు పోయింది దానివల్లే. మెత్తని పగడాలూ, వాటి చుట్టాలైన జోయాంథిడ్లూ 17 డిగ్రీల నీటిలో ముడుచుకుని బతికాయి. ఆక్రొపోరా ఒక్కటీ దక్కలేదు. కొత్త లైట్ల కోసం దాచిన డబ్బులో నలభై డాలర్లు తీసి, కరెంటు పోగానే దానంతట అదే పనిచేసే బ్యాటరీ గాలిపంపు ఒకటి కొని తగిలించు.

కొత్త పగడం ఏది తెచ్చినా పురుగుల్ని రాల్చే మందునీటిలో (డిప్‌లో) ముంచి, కింద రాలిన పురుగుల్ని చూసి గానీ తొట్టెలో పెట్టవద్దు. కొత్త చేపలకు వేరే తొట్టె ఉండాలి. చేపల జబ్బుకు వేసే రాగి మందు ఆ తొట్టెలోనే వెయ్యి, పగడాల నీటిలో ఒక్క చుక్క పడకూడదు. నీ ఎడమ మూలలో పాకుతున్న పాలిథోవా అనే గోధుమరంగు జోయాంథిడ్ నాకు ఫొటోలో కనిపించింది. దాన్ని వదిలించుకోవాలని ఆ రాయిని వేడినీళ్లలో మరగబెట్టే ఆలోచన వస్తే అక్కడే మానుకో. వాటిలోని పాలిటాక్సిన్ అనే విషం ఆవిరితో పాటు గాలిలో చేరి ఇంటిల్లిపాదినీ ఆసుపత్రి పాలు చేయగలదు. చేతికి గ్లోవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకుని, రాయినంతా బయటకు తీసి పారేయడమే మేలు.

వేసవిలో విశాఖ వెళ్లేటప్పుడు తమ్ముడికి రెండు పగడపు ముక్కలు పట్టుకెళతానన్నావట. ఆ మాట ఇంకెవరి దగ్గరా అనవద్దు. మన దేశంలో 2001 నుంచి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, ఇక్కడి నుంచి దాటించాలన్నా అనుమతి పత్రాలు కావాలి. వాడికి ఫొటోలు చూపించు.

లైట్ల మాట మళ్లీ ఎత్తుతావని తెలుసు. దుకాణంలో వెలుతురు బలాన్ని కొలిచే పార్ మీటరు అద్దెకు దొరికితే తెచ్చి ఆక్రొపోరా ఉన్న చోట కొలువు. 200 దాటి ఉంటే కొత్త లైటు అవసరం లేదు. ఆ అంకె, ఏడు రోజుల ఆల్కలినిటీ అంకెలు ఒకే కాగితం మీద రాసి పంపు. సున్నం ఎన్ని గ్రాములు వేయాలో అవి చూశాక చెబుతాను.

ఇట్లు
మీ అత్తయ్య